సంతకం లేని అర్జీ

“మగ్గం ఒక్కటి కూడా లేనోడు సింగపూరుకు చీరలు పంపిస్తాడంట! ముందు ఇది రాయప్పా” అన్నాడు ముత్యాలప్ప.

పెనుకొండ తాలూకా ఆఫీసు వసారాలో కూర్చుని అర్జీలు రాసే ఇమాం, చొక్కా చేతికి అంటుకున్న ఎర్ర పోగును దులుపుకుని కలం సిరాలో ముంచాడు. ధర్మవరంలో రాయిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అందుకే ముత్యాలప్ప పొద్దున్నే రైలెక్కి, తనను ఎరిగినవాళ్లెవరూ లేని ఈ ఊరికి వచ్చాడు.

“ఎవురి మీద?”

“మారప్ప అని, మా ఊరోడే. చీరల అంగడికి బోర్డు కట్టి మూడేండ్లు కాలేదు. మాది మూడు తరాల నుంచి ఉండాది, పన్నెండు మగ్గాలు. మద్రాసులో ఎగుమతుల ఆఫీసోళ్లు మా ఊర్నుంచి ఒక్కర్ని ఎంచుకుంటారంట. కొనేవాళ్లను వాళ్లే చూపిస్తారు, ఓడ కిరాయిలో సగం వాళ్లే పెట్టుకుంటారు. ఆ ఒక్కడు వాడు కాకూడదు.”

“నువ్వు కావాలనా?”

“నేను కాకపోయినా పర్వాలేదు. వాడు మాత్రం కాకూడదు.”

అనేశాక ముత్యాలప్పకే కొంచెం సిగ్గేసింది. కానీ మొన్న చేనేత సంఘం మీటింగులో తన కుర్చీ పక్కనే మారప్పకూ కుర్చీ వేశారు. అందరూ ‘మారప్పన్నా, మారప్పన్నా’ అంటూ వాడి చుట్టూనే మూగారు. అది గుర్తురాగానే సిగ్గు కాస్తా కడుపుమంటలో కలిసిపోయింది.

“సరే, వాని తప్పులు చెప్పు.”

“వాని పనంతా బయటే. ధర్మవరంలో ఇరవై ఇండ్లు, హిందూపురంలో పది, ఈడ పెనుకొండలో ఏడు. ఇంటింటికీ పట్టు ఇచ్చి నేయించుకుంటాడు. ఒక ఇంట్లో పని ఆగితే ఇంకో ఇంటికి పోతాడు. ఆఖరికి కొంగు కుచ్చులు కూడా ఎవురో ఆడమనిషితో కట్టిస్తాడంట. అది యాపారమా, తిరుగుడా?”

ఇమాం కలం ఆపాడు. “ఆర్డరు పోతే ఈ ఇండ్లోళ్ల గతేంది?”

“వాళ్ల గతితో నాకేం పని? నువ్వు రాయి, నా పేరు మాత్రం పెట్టొద్దు.”

ఇమాం ఇంకేమీ అడగకుండా ఇంగ్లీషులో గబగబా రాశాడు. చదివి వినిపించాడు కూడా. ముత్యాలప్పకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి పరాయి ఊళ్లో బయటపెట్టుకోవడం ఇష్టం లేక, మధ్యమధ్య “అద్దీ, అట్ల ఉండల్ల!” అంటూ తల ఊపాడు.

“దుడ్లు ఎంతప్పా?”

“ఇట్లాంటి అర్జీకి తీసుకోను పెద్దాయనా. నువ్వు పో, నేనే పోస్టులో వేస్తా.”

మంచివాడు దొరికాడని సంబరపడుతూ ముత్యాలప్ప రైలెక్కాడు.

1966 ఉగాది దాటి నెల తిరక్కుండానే మద్రాసు ఆఫీసరు జీపులో ధర్మవరం వచ్చాడు. చేతిలో ఆ కాగితమే ఉంది. చేనేత సంఘం మీటింగులో ముత్యాలప్ప అధ్యక్షుడి హోదాలో ముందు వరసలో కూర్చుని, మారప్ప ముఖం ఎప్పుడు మాడుతుందా అని చూస్తున్నాడు.

“మారప్ప గారూ, మీ గురించి ఒక ఉత్తరం వచ్చింది. మీకు సొంత మగ్గం లేదట, నిజమేనా?”

“నిజమే సార్” అంటూ మారప్ప లేచి నిలబడ్డాడు.

“పనంతా మూడు ఊళ్లలో ముప్పై ఏడు ఇళ్లకు పంచారట?”

“నిజమే సార్.”

ముత్యాలప్పకు లోపల పండగైంది.

“మాకు కావలసింది అదే” అన్నాడు ఆఫీసరు. “సింగపూరువాళ్లు ఒకేసారి నాలుగు వందల చీరలు అడుగుతున్నారు. పన్నెండు మగ్గాలవాళ్లు ఎప్పటికి నేస్తారు? ఒక ఇంట్లో పని ఆగినా మీ చీర ఆగదనీ, ఇన్నాళ్లలో ఒక్క చీరా గడువు తప్పలేదనీ రాశారు. ఇల్లిల్లూ విచారించాం, అక్షరం తేడా లేదు. ఆర్డరు మీదే.”

గడువు మాట తానెప్పుడు చెప్పాడో ముత్యాలప్పకు ఎంతకీ గుర్తు రాలేదు. తిట్టిందంతా పొగడ్తగా చదువుకున్న ఆఫీసరును లోలోపలే శపించాడు.

“ఎవురు రాసినారు సార్?” అని అడిగాడు మారప్ప.

“సంతకం లేదు. ఎవరో మీ మేలు కోరేవాళ్లు.”

మారప్ప కళ్లు తుడుచుకుని ముత్యాలప్ప వైపు తిరిగాడు. “అన్నా, సింగపూరోళ్లు కుచ్చులు చూసే నేను పంపిన నమూనా చీర మెచ్చుకున్నారంట. పెనుకొండలో వాటిని కట్టే హసీనాబీకి ఒక చీర పెట్టి వద్దాం రా. సంఘం పెద్దవు, నీ చేత్తోనే ఇయ్యల్ల.”

ఆఫీసరు ముందు కాదనలేక ముత్యాలప్ప జీపెక్కాడు. పెనుకొండలో ఒక సందు చివర మారప్ప తలుపు తట్టి, “హసీనాబీ!” అని పిలిచాడు.

“మా ఇంటిది కుచ్చులు కడతాండాది. ఉండండి, నేనొస్తాండా” అని లోపలి నుంచి మగగొంతు పలికింది.

ముత్యాలప్ప చీర పళ్లెం రెండు చేతులా పట్టుకుని, లేని నవ్వు తెచ్చుకుని నిలబడ్డాడు.

తలుపు తీసింది అర్జీల ఇమాం.