శకునపక్షి

"మన సాఫ్ట్‌వేర్ ఒకే సీటుని ఇద్దరికి అమ్మేసింది. బస్సుల కంపెనీవాళ్ళు మనతో తెగతెంపులు చేసుకున్నారు," అన్నాడు మేనేజరు. గొంతులో కోపం కూడా లేదు.

ఎదురుగా కూర్చున్న, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టరు ముందు కాఫీ మీగడ కట్టింది.

"రిలీజ్‌కి ముందు నీకిది కనబడలేదా?"

"కనబడింది సార్."

"మరి నోరు విప్పలేదేం? అప్పుడే చెప్పుంటే పూటలో సరిచేసేవాళ్ళం కదా!"

"పోయినసారి రిలీజ్ ఆపమన్నాను. 'వచ్చిందండీ మన శకునపక్షి' అన్నారు మీరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పట్నుంచి ఆఫీసులో నా పేరే అదైపోయింది. ఈసారి ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను."

బస్సు టైము చెప్పినట్టు చెప్పిందామె.

మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్."

అతను లేచి తలుపు తీసి, టీమునంతా లోపలికి పిలిచాడు. అందరూ వచ్చి గోడవారన నిలబడ్డారు.

"ముందు ఈవిడ చెప్పేది విందాం. చెప్పమ్మా..." అని, పేరుపెట్టి పిలవబోయి ఆగిపోయాడు.

ఆమె అసలు పేరు అతనికి గుర్తు రాలేదు. టీము వంక చూశాడు.

ఎవరూ అందించలేదు.