రెండున్నరకి నాన్న పరీక్ష

పొద్దున్న తొమ్మిదింటికల్లా చిన్నది గోడకి కాగితం అంటించేసింది. ‘మధ్యాహ్నం పరీక్ష ఉన్నవాళ్ళు పొద్దున ఏం చెయ్యాలి’ అని పైన పెద్దక్షరాలు, కింద నాలుగు సూత్రాలు. కిందటి పరీక్షలప్పుడు క్లాసు టీచరు రాయించినవి. వాటి పుణ్యమా అని చిన్నదానికి ఏడో తరగతిలో రెండో ర్యాంకు వచ్చింది.

ఇవాళ పరీక్ష మాత్రం దానిది కాదు. నాన్నది.

“చదువుకో నాన్నా.”

“నువ్వే చదువు పంతులమ్మా, నేను వింటాను,” అన్నాడు నాన్న మంచం దిగకుండానే.

వారం రోజులుగా దాని పేరు పంతులమ్మే. చేతిలో బెత్తం ఒక్కటే తక్కువ.

నాన్న పనిచేసే చోట రెండేళ్ళకోసారి ఈ పరీక్ష పెడతారు. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఉద్యోగం ఊడితే, వాళ్ళిచ్చిన ఈ రెండు గదులూ ఖాళీ చెయ్యాలి. అమ్మ వంటింట్లో గొంతు తగ్గించి ఈ సంగతే అంటుంటే చిన్నది వినేసింది. అప్పట్నుంచి దానికి ముద్ద దిగడం లేదు.

అదృష్టం బాగుండి, నాన్న తోటి ఉద్యోగి ఒకాయన జవాబులన్నీ కాగితం మీద ఎక్కించుకొచ్చాడు. పన్నెండేళ్ళుగా అవే అడుగుతున్నారట, మార్చిన పాపాన పోలేదట. మొత్తం ఎనిమిది వరసలు. అన్నీ ఒక్కో అక్షరం జవాబులే. జతపరచండి లాంటివి కాబోలు అనుకుంది చిన్నది.

“మరి ప్రశ్నలేవి నాన్నా?”

“ప్రశ్నలతో మనకేం పని? జవాబులొస్తే చాలదూ.”

“పట్టుకుంటే?”

“కాగితం జేబులో పెట్టుకెళితే కదా పట్టుకునేది. బుర్రలో ఉన్నదాన్ని ఎవడు తనిఖీ చేస్తాడు?”

చిన్నది నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మొదటి సూత్రం: కొత్తవి ముట్టుకోవద్దు, పాతవే తిరగెయ్యాలి. నాన్న ఐదు వరసలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆరో వరస మూడో అక్షరం దగ్గర నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. రోజూ అక్కడే.

“మళ్ళీ మొదట్నుంచి.”

మళ్ళీ అక్కడే ఆగాడు. పైగా వెనక నుంచి కూడా అడుగుతారట. వాళ్ళు మనుషులా, ఏమిటి? పదిహేనుసార్లు అప్పజెప్పించాక గానీ ఆ మూడో అక్షరం దారికి రాలేదు.

రెండో సూత్రం: మితంగా తినాలి, నీళ్ళు బాగా తాగాలి. నాన్న చెయ్యి చాపగానే గ్లాసు తిరగబడి నీళ్ళన్నీ ఒళ్ళో పడ్డాయి.

“అంత భయమా నాన్నా?”

“పరీక్షంటే ఎవరికి భయం ఉండదు తల్లీ,” అన్నాడు చొక్కా దులుపుకుంటూ. ఎంత పెద్దవాడు, ఎంత బెదిరిపోయాడు. దానికి ఏడుపొచ్చింది. నాన్న ముందు ఏడిస్తే ఆయన ఇంకా డీలా పడిపోతాడని దిగమింగుకుంది.

మూడో సూత్రం: అరగంట కళ్ళు మూసుకుని కూర్చుని, చదివినవి కళ్ళ ముందుకి తెచ్చుకోవాలి. ఇది మాత్రం నాన్న బుద్ధిగా చేశాడు.

“కనిపిస్తున్నాయా?”

“కళ్ళు మూసుకుంటేనే బాగా కనిపిస్తున్నాయమ్మా.”

నాలుగోది: అరగంట ముందే చేరుకోవాలి. చిన్నది టైము చెప్పింది. నాన్న బట్టలు మార్చుకొచ్చాడు. గుండీలన్నీ ఒకటి కిందికి పెట్టుకున్నాడు. కంగారులో ఉన్నవాణ్ణి ఏమంటాం, అదే సరిచేసింది. రోడ్డు దాటేటప్పుడు హారన్ మోగితే నాన్న ఉలిక్కిపడి దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒకప్పుడు తను ఆయన చెయ్యి అలా పట్టుకునేది.

రెండో అంతస్తు వరండాలో బెంచీల మీద నాన్న వయసువాళ్ళే పదిమంది కూర్చున్నారు. ఒక్కరి చేతిలోనూ పుస్తకం లేదు. వీళ్ళందరికీ అన్నీ వచ్చేసినట్టున్నాయి, మా నాన్నొక్కడికే రావు కాబోలు అనుకునేసరికి దాని ప్రాణం ఉసూరుమంది.

“ఆరో వరస,” అంది చెవిలో.

నాన్న పెదాలు కదిపాడు. అంతలో లోపల్నుంచి పిలిచారు. గోడ పట్టుకుని లేచి, తలుపు దాకా మెల్లగా నడిచి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

చిన్నది నేల మీద పలకలు లెక్కపెట్టింది. లెక్క తప్పింది, మళ్ళీ పెట్టింది. మూడో అక్షరం, మూడో అక్షరం. నాన్న అక్కడ ఆగిపోయి ఉంటాడు. లోపల అందరూ మొహమొహాలు చూసుకుంటూ ఉంటారు. రేపటికల్లా సామాన్లు రోడ్డు మీద ఉంటాయి. గోళ్ళన్నీ కొరికేశాక చూసుకుంటే కొరకడానికి ఇంకేం మిగల్లేదు.

తలుపు తెరుచుకుంది. నాన్న మొహం వెలిగిపోతోంది, చేతిలో ముద్రేసిన కాగితం.

“ఆరో వరస?”

“అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. పొల్లు పోలేదు. అంతా నీ చలవే పంతులమ్మా.”

చిన్నది ఆయన నడుం చుట్టేసి, వారం రోజుల ఏడుపూ అక్కడే ఏడ్చేసింది. ఆ సాయంత్రం కడుపునిండా తింది. సెలవులైపోయి మర్నాడే బడి తెరిచారు. అది నిద్ర లేచేసరికే నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు.

వీధి చివర ఆగిన బడి బస్సు మెట్టు చిన్నది ఎక్కబోతుంటే, స్టీరింగు వెనక కూర్చుని ఉన్న నాన్న, నిన్న కళ్ళ డాక్టరు గోడ మీది అక్షరాలన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పిన నాన్న, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్న దాని మొహంలోకే చూసి, “కొత్తగా చేరావా అమ్మా, ఏ క్లాసు?” అని అడిగాడు.