రాయ్ గారి భోజనం

యుద్ధం ముగిశాక బెజవాడలో మొదటి ఫుట్‌బాల్ పోటీలు. క్లబ్బు ప్రెసిడెంటు పాండురంగయ్య, తమ జట్టు తరఫున ఆడడానికి కలకత్తా నుంచి రప్పించిన రాయ్ గారికి తన ఇంట్లోనే వెండికంచంలో భోజనం పెట్టించాడు.

“మన కుర్రాళ్లకే నేర్పించకూడదుటండీ?” అంది నెయ్యి వడ్డిస్తూ పాండురంగయ్య భార్య. అతిథికి తెలుగు రాదన్న ధైర్యం ఆవిడది.

“కృష్ణ నీళ్లు తాగినవాడికి ఆటెక్కడొస్తుందే! ఈయనవి గంగ నీళ్లు తాగిన కాళ్లు. ఇంకాస్త నెయ్యి వెయ్యి.”

గోంగూర ముద్ద నోట్లో పెట్టుకోగానే రాయ్ గారి కళ్లు చెమర్చాయి.

“అయ్యో, కారం తగిలినట్టుంది. మంచినీళ్లియ్యవే!”

“కారం కాదండీ. నంజుకోడానికి ఓ ఉల్లిపాయ ఉంటే ఇప్పించండి.”

పాండురంగయ్య తెల్లబోయాడు. “మీది... ఏ ఊరండీ?”

“కంకిపాడండి. అంకమ్మరావుని. యుద్ధానికి ముందు మీ క్లబ్బులో చేర్చుకోమని వస్తే, నీకు ఆట రాదు పొమ్మన్నారు. కలకత్తా పోయి నేర్చుకున్నాను. అక్కడివాళ్లు రావుని రాయ్ చేశారు.”

పాండురంగయ్య ఆ కాళ్లకేసి కాసేపు చూశాడు. తర్వాత భార్యకేసి తిరిగాడు.

“ఇక చాల్లే, ఆ నేతిగిన్నె లోపల పెట్టెయ్యి. మనవాడేగా!”