మూడో సీసా

"మా అత్తగారు వాడిన సెంటు తప్ప ఇంకేదైనా ఇవ్వండి," అంది కోడలు. "చలికాలమంతా అదే పూసుకునేవారు. ఆ వాసన గదిలోకి రాగానే మా ఆయన చేతిలో సిగరెట్టు వీపు వెనక్కి పోయేది. ఆవిడ పోయి ఏడాదైనా, తలుచుకుంటే నాకింకా గుండె దడే."

సెంట్ల కొట్టు ముసలాయన కాగితాలు చుట్టిన అయిదు సీసాలు ఆమె ముందు పెట్టాడు. "పేరు కనపడితే ముక్కు మాట వినరమ్మా."

మూడోదానిలో కమలాపండు వాసన. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మణికట్టుకు రాసుకుంది.

"అరగంట ఆగండి. ఇది ఆరేకొద్దీ మారుతుంది. మెత్తని వాళ్ళ మీద ఎగిరిపోతుంది, గట్టి మనుషుల మీద ఘాటెక్కుతుంది."

"నా అంత మెత్తని మనిషిని మీరెక్కడా చూసుండరు. కావాలంటే మా ఆయన్ని అడగండి!"

అరగంటకు భర్త సిగరెట్టు కాలుస్తూ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె నవ్వుతూ చెయ్యి చాపింది. "ఎలా ఉంది?"

అతను వంగి వాసన చూశాడు. సిగరెట్టు పట్టుకున్న చెయ్యి మెల్లగా వీపు వెనక్కి పోయింది.

ముసలాయన సీసా మీది కాగితం విప్పబోయాడు.

"అక్కర్లేదు," అందామె.

ఆ గొంతు వినగానే భర్త తల దించుకున్నాడు.