అమ్మమ్మ పెళ్ళికాగితం

“ఇదేంటండీ, ఇద్దరి పేరూ ఒకటే రాశారు? తొందర్లో పొరపాటు పడ్డారా?” ఫ్రూమా కళ్ళజోడు పైకి తోసుకుని దరఖాస్తును మళ్ళీ చూసింది.

బల్లకు అవతల కూర్చున్న ముసలావిడ నవ్వింది. పక్క కుర్చీలో ఆవిడ మనవరాలు కాళ్ళాడిస్తోంది.

“పొరపాటేం కాదమ్మా. నేనూ బహియేనే, ఇదీ బహియేనే. మా వాళ్ళు అలెప్పో నుంచి వచ్చినవాళ్ళు. కొడుక్కి మొదట ఆడపిల్ల పుడితే నానమ్మ పేరే పెట్టాలి. పెట్టకపోతే నేనూరుకుంటానా?”

“మీరు నిక్షేపంగా బతికుండగానే?”

“బతికుండగానే పెట్టాలి! పోయాక పెడితే నాకేం ముచ్చట?”

ఫ్రూమా గుండె మీద చెయ్యి వేసుకుంది. “మా పోలండు వాళ్ళిళ్ళలో ఈ మాటంటే కొంపలంటుకుంటాయి. మేం పోయినవాళ్ళ పేరే పెడతాం. బతికున్నవాళ్ళ పేరు పెడితే వాళ్ళ చావు కోరుకున్నట్టే. మా అమ్మాయి ఐదేళ్ళప్పుడు బొమ్మకి నా పేరు పెట్టుకుంది. చెవి మెలేసి, ‘నేను పోయాక పెట్టుకుందువుగానిలే’ అన్నాను. రెండ్రోజులు ఆ బొమ్మ జోలికే పోలేదు పిచ్చిది.”

“ఇప్పుడెక్కడుంది మీ అమ్మాయి?”

“దూరంగా,” అని ఫ్రూమా కాగితాల్లో తల దూర్చింది. “అన్నీ సరిపోయాయి. ఇక పాప అమ్మమ్మగారి పెళ్ళికాగితం ఇవ్వండి. పెళ్ళి చేయించిన మతగురువు, రబ్బీ సంతకం ఉన్నది. తల్లివైపు వాళ్ళు యూదులని అది చూస్తే గానీ బడివాళ్ళు చేర్చుకోరు.”

“వియ్యపురాలిని నిన్ననే అడిగా. ఇచ్చేలోపు గంటసేపు తన పెళ్ళి భోజనాల గొప్ప చెప్పింది,” అంటూ పెద్ద బహియే సంచిలోంచి కాగితం తీసింది.

బ్యూనస్ ఏరీస్‌లో, ఓన్సె పేటలోని ఆ చిన్న ఆఫీసులో ఫ్రూమా పని ఇదే. ఊరికి కొత్తగా వచ్చిన యూదు కుటుంబాలకు బడి చూపించాలి. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట భోజనానికి చోటు కుదర్చాలి. ప్రార్థనామందిరం గడప తొక్కి ఏళ్ళయినవాళ్ళకు ఫోన్ చేసి, తిట్టినా పడి, పలకరించాలి. కమిటీ పెద్దలతో దెబ్బలాడేదీ ఆమే. “అల్లుడు ఎవడైతేనేం? తల్లి మన పిల్ల. తలుపు తియ్యండి” అని బల్ల గుద్దుతుంది.

పదకొండేళ్ళ క్రితం ఆమె ఈ మాట అనలేదు. ఒక్కగానొక్క కూతురు నోయెమీ, చర్చికి వెళ్ళే కుర్రాడిని పెళ్ళి చేసుకున్న రోజు, ఫ్రూమా ఇంట్లో అద్దాలకు దుప్పట్లు కప్పింది. చొక్కా కాలరు చింపుకుని, కూతురు చచ్చిపోయిందని ఏడు రోజులు పొట్టి పీట మీద కూర్చుంది. భర్త బెర్నార్డో బతిమాలినా లేవలేదు. నోయెమీ ఫోన్ చేస్తే, “ఈ ఇంట్లో నీకెవరూ లేరు” అని పెట్టేసింది. ప్రాణంతో ఉన్న పిల్ల కోసం చావు ఏడుపు ఏడ్చిన తల్లిని ఏమనాలి? మొండిది అనాలి, అంతే.

నాలుగేళ్ళ క్రితం బెర్నార్డో నిజంగానే పోయాడు. అదే పీట మీద మళ్ళీ కూర్చున్నప్పుడు తను అప్పుడు చేసిందేమిటో ఆమెకు తెలిసొచ్చింది. రొసారియోలో కూతురి పాత చిరునామాకు రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి. అప్పుడు ఈ ఉద్యోగంలో చేరింది. ఎప్పటికైనా నోయెమీ కూడా పిల్ల చెయ్యి పట్టుకుని ఈ బల్ల ముందుకు వస్తుందని ఆశ. పక్క బల్ల ఎస్తేలాకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం టపా వచ్చింది. కవర్లు చింపుతున్న ఎస్తేలా చటుక్కున ఆగిపోయింది.

“ఫ్రూమాగారూ, మీ అల్లుడి పేరేమన్నారు?”

“గాస్టోన్ పెరాల్టా. ఎందుకే?”

ఎస్తేలా ఒక దరఖాస్తు తెచ్చి ఆమె ముందు పెట్టింది. మొదటి పేజీ తల్లిదండ్రులది. తల్లి గడిలో నోయెమీ లెర్నర్ అని ఉంది. అక్షరాలు చిన్నప్పటిలాగే కుడివైపుకు ఒరిగి ఉన్నాయి. ఫ్రూమా వాటిని వేలితో తడిమింది. కళ్ళలో నీళ్ళు ధారకట్టాయి.

“మార్చిలో ఈ ఊరొచ్చేస్తున్నారట. పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి,” ఎస్తేలా ఆమె భుజం పట్టుకుంది. “చూశారా, మీ దగ్గరికే వస్తోంది!”

“నేనిక్కడ పనిచేస్తున్నట్టు దానికి తెలీదే.”

“తెలీకపోతేనేం? మన బడే కావాలంది కదా. మీరు నేర్పింది ఎక్కడికి పోతుంది?”

“పెళ్ళికాగితం పెట్టిందా?”

“లేదండీ. ‘మా అమ్మ కాగితం నా దగ్గర లేదు, ఏం చెయ్యాలో చెప్పగలరు’ అని కింద రాసింది.”

“ఏం చెయ్యాలా! నా బీరువాలోనే ఉంది, దుప్పట్ల అడుగున. నేనే పట్టుకెళ్తాను. కాళ్ళ మీద పడమన్నా పడతాను. నా బంగారుతల్లి, నన్ను మర్చిపోలేదే!” ఫ్రూమా ఏడుస్తూనే నవ్వింది.

“సరేగానీ, పాప పేరు చూడరా? రెండో పేజీలో ఉంటుంది.”

“చూడక్కర్లేదు. ఎతెల్ అయ్యుంటుంది. పోయిన మా అమ్మ పేరు. నోయెమీకి అమ్మమ్మంటే ప్రాణం.”

“పందెమా?”

“పందెమే. ఓడితే రేపు నీకు బంగాళదుంప క్నిష్‌లు చేసి తెస్తా.”

కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, ఫ్రూమా పేజీ తిప్పింది.

పాప పేరు ఫ్రూమా.