గోడ నీడ

ఆ రోజు కూడా ట్యాంకరు గోడకు ఆనుకునే ఆగి ఉంది.

గనిలో దుమ్ము లేవకుండా దారులు తడపడం దాని పని. కానీ రోజూ పదింటికి, సరిగ్గా అందరూ టీ తాగే వేళకు, ఆ ముసలి డ్రైవరు గని తవ్వగా నిలువునా మిగిలిన తూర్పు రాతిగోడ నీడంతా ఆక్రమించి బండి ఆపేస్తాడు. ఇక అరగంట కదలడు.

జియాలజిస్టు విసురుగా జీపు దిగింది.

పరాయి దేశంలో ఆమెకిది తొలి ఉద్యోగం. వచ్చి మూడు నెలలైంది. గని ఈమధ్యే చేతులు మారింది. పాతవాళ్లలో మిగిలింది ఈ ముసలాయన ఒక్కడే. అక్కడ తెలుగు మాట్లాడేదీ అతనొక్కడే. అయినా ఇద్దరికీ క్షణం పడదు.

"మళ్లీ ఏమైంది?"

"ఇంజన్ వేడెక్కిందమ్మా. కాస్త చల్లారనివ్వాలి."

"రోజూ ఇక్కడికొచ్చాకే వేడెక్కుతుందా?"

ముసలాయన తల గోక్కుంటూ నవ్వాడు. "ఈ గోడ దగ్గర నిలబడకండి తల్లీ. రాయి వెనకాల బంకమట్టి పొర ఉంది. వాన పడితే సబ్బులా జారుతుంది."

ఆమెకు ఒళ్లు మండింది.

"ఈ గోడని అంగుళం అంగుళం చూసింది నేను. నీళ్లు చల్లేవాళ్ల దగ్గర రాళ్ల పాఠాలు నేర్చుకోవాలా?"

అతని నవ్వు ఆగిపోయింది.

"నాకేం తెలుసులెండి," అన్నాడు. బండి మాత్రం తీయలేదు.

ఆ సాయంత్రమే ఆమె ఫిర్యాదు రాసింది. పని ఎగ్గొడుతున్నాడని, అడిగితే గోడ జారుతుందని ఎదురు చెబుతున్నాడని.

"మరి గోడ సంగతేంటి?" అన్నాడు మేనేజరు.

"నిక్షేపంలా ఉంది."

వారం తిరక్కుండా ముసలాయన్ని ఇంటికి పంపేశారు. వెళ్లేముందు ఆమె గది గుమ్మం దాకా వచ్చాడు. ఆమె ఫోను చెవికి పెట్టుకుంది. అవతల ఎవరూ లేరు. అతను కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

తర్వాత రెండు రోజులు ఆగకుండా వాన.

మూడో రోజు ఎండ కాసింది. టీ వేళకు సర్వేయరు గ్లాసు పట్టుకుని గోడ నీడలో కూర్చున్నాడు.

గోడ జారింది.

అతన్ని బయటికి తీసేసరికి సాయంత్రమైంది. అతని భార్య వచ్చి జియాలజిస్టు చేయి పట్టుకుంది.

"అక్కడేం భయం లేదన్నారటగా?"



మర్నాడు ఆఫీసులో నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసింది.

"బాబాయిగారూ..."

"గోడ పడిందా అమ్మా?"

"మీకెవరు చెప్పారు?"

"మీరు ఫోన్ చేశారుగా. ఎవరైనా..."

"సర్వేయరు. పోయాడు."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"తప్పు నాదే," అంది ఆమె ఏడుస్తూ. "అంత తెలిసినవారు, మేనేజరుకైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది కదండీ!"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? తొమ్మిదేళ్ల కింద నా మాట నమ్మే ముగ్గురు ఆ నీడలో కూర్చున్నారు."

"డ్రైవరు మాట పట్టుకుని కూర్చున్నారా?"

"అప్పటికి నేను డ్రైవర్ని కాదు తల్లీ. ఇప్పుడు మీరు కూర్చున్న ఆ గదిలోనే కూర్చుని, గోడకి ఢోకా లేదని సంతకం పెట్టిన జియాలజిస్టుని."