ఉన్నదున్నట్టు

"వీళ్లకి చెప్పడానికి ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"లేరండీ. నేనే చెప్తాను," అంది కూతురు.

బల్లకి ఇవతల ముగ్గురూ వరసగా కూర్చున్నారు. నడుమ తల్లి, అటు తండ్రి, ఇటు కూతురు. తల్లికీ తండ్రికీ పుట్టుకతోనే వినపడదు. ఇంత పెద్ద ఆసుపత్రిలో సైగల భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఉండి తీరాలని నిబంధన మాత్రం ఉంది. అందుకని డాక్టరు నోటి మాటని కూతురు తన చేతుల్లోకి మార్చి వాళ్ల కళ్లకి అందించాలి.

గది మూల ఇంకో కుర్చీ ఉంది. అందులో హక్కులమ్మ కూర్చుంది. అది యూనివర్సిటీలో తోటివాళ్లు పెట్టిన పేరు. క్యాంటీన్లో టీ చల్లారిపోయినా అన్యాయం అని లేచి నిలబడే మనిషి మరి. వినపడనివాళ్లకి ఆసుపత్రిలో ఏ మాట చేరుతుంది, ఏ మాట దారిలోనే జారిపోతుంది అన్నది ఆమె పరిశోధన. దానికోసం పట్టుబట్టి సైగలు నేర్చుకుంది. ఫైళ్లు ముట్టుకునే అనుమతి లేదు. మాట ఎలా అందుతుందో చూడటం వరకే. ముగ్గురూ సరేనన్నాకే లోపలికొచ్చింది.

ప్రొఫెసరు గారు పంపేటప్పుడే గట్టిగా చెప్పారు. ఆ గదిలో నువ్వు కుర్చీతో సమానం, ఏం జరిగినా నోరు మెదపకు, మెదిపావంటే మళ్లీ మనల్ని గడప తొక్కనివ్వరు అని.

తల్లి బక్కచిక్కి ఉంది. శాలువా నిండుగా కప్పుకుంది. సైగ చేయాల్సి వచ్చినప్పుడు తప్ప కూతురి చెయ్యి వదలడం లేదు.

డాక్టరు తెర మీద స్కానింగ్ బొమ్మ కాసేపు చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పాడు. గడ్డ కాలేయం దాకా పాకిందట. కత్తి పెట్టే దశ దాటిపోయిందట. ఇక చేయగలిగిందల్లా నొప్పి తెలియకుండా చూడటమేనట.

కూతురు తల్లి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. తర్వాత చేతులు లేపింది.

వాపు. మందులు. మెల్లగా తగ్గుతుంది.

హక్కులమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. తనే సరిగ్గా చూడలేదేమో అనుకుంది. కాదు, సరిగ్గానే చూసింది. అంతే చెప్పింది ఆ అమ్మాయి.

తల్లికి ఎక్కడో అనుమానం తగిలినట్టుంది. మరి ఈయన మొహం అలా వేలాడేశాడేం అని అడిగింది. పొద్దుట్నుంచి తిండి లేదట పాపం అని చెప్పింది కూతురు. తల్లి జాలిగా తలాడించింది. తర్వాత తన పొట్ట మీద అరచెయ్యి ఆనించి మొహం చిట్లించింది. నొప్పి ఎక్కడో చెప్పాలంటే సైగల్లో చెయ్యి అక్కడే పెట్టాలి. ఈ నొప్పి పోతుందా అని ఆమె ప్రశ్న.

కూతురు ఆ మాట డాక్టర్ని అడిగింది. పోదు గానీ ఓర్చుకోగలిగేంత చేస్తామన్నాడాయన.

పోతుందట, అని చూపించింది కూతురు.

తండ్రి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పూర్తిగా నయమవడానికి ఎన్నాళ్లు పడుతుందో కనుక్కోమన్నాడు.

కూతురు డాక్టరు మొహంలోకి సూటిగా చూసింది. "ఎన్నాళ్లండీ?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏడాది దాటదమ్మా."

ఆ ఒక్క మాటనీ ఆమె ఉన్నదున్నట్టు చేతుల్లోకి మార్చింది. ఏడాది దాటదట.

తండ్రి మొహం చేటంత అయింది. లేచి డాక్టరుకి రెండు చేతులూ జోడించాడు. ఆయన ఏం చేయాలో తోచక తనూ జోడించాడు. తర్వాత తన ముందున్న మంచినీళ్ల గ్లాసు కూతురి వైపు జరిపాడు.

హక్కులమ్మ కుర్చీ అంచుకి జరిగింది. లేచి ఆ నాలుగు సైగలూ తనే చేసేస్తే? చేతులు ఒళ్లో మెలిపెట్టుకుని కూర్చుంది. కాసేపటికి కాగితం మీద, డాక్టరు మొదట్నుంచీ కూతురితోనే మాట్లాడాడు, రోగి మొహం సరిగ్గా చూడనైనా లేదు అని రాసుకుంది. అంతకు మించి ఆమె చేయగలిగింది లేదు.

బయట మందుల కిటికీ దగ్గర తల్లీ తండ్రీ వరసలో నిలబడ్డారు. ఏడాది ఎంతలో తిరిగొస్తుంది అని తండ్రి చేతులు ఊపుతూ చెబుతున్నాడు. కూతురు కాస్త దూరంలో గోడకి ఆనుకుని ఉంది.

హక్కులమ్మ ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది. దగ్గరికెళ్లి, తనకీ సైగలు తెలుసని, అంతా చూశానని చెప్పింది. ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. దయచేసి వాళ్లకి చెప్పొద్దని బతిమాలింది. వింటే వాళ్లిద్దరూ తట్టుకోలేరంది. ఈ కొన్నాళ్లయినా కంటినిండా నిద్రపోనివ్వమంది.

హక్కులమ్మ మెత్తబడింది. కానీ ఆ పేరు ఊరికే రాలేదు కదా.

"ప్రేమకొద్దీ దాచారు, కాదనను. కానీ ఎవరి ఒంట్లో ఏముందో వాళ్లకి తెలియాలి కదండీ. రోగి దగ్గరే దాచడం అన్యాయం కాదా?"

ఆ అమ్మాయి ఆమె వైపు వింతగా చూసింది. ఈలోగా వరసలోంచి తల్లి వెనక్కి తిరిగింది. కూతురు నవ్వి, వస్తున్నానని చెయ్యి ఊపింది.

"రోగి దగ్గర ఏదీ దాచలేదండీ," అంది మెల్లగా, "నా గురించి డాక్టరు గారు చెప్పిన ప్రతి ముక్కా విన్నాను."